పరుల యింట మన పలుకు

సిద్దిపేట జిల్లా మిరుదొడ్డియందును, కూడవెల్లి వాగు పరిసరములనున్న పల్లెలయందును, చేతిఫోనును నోటికి చేరువగా ఎత్తి పట్టుకొని దానితో మనుష్యునితోవలెనే మాటాడువారు నేడు తఱచుగా కనిపింతురు. మక్కల ధర యెంత పలుకుచున్నదని యడుగు రైతు, రేపు వాన పడునో లేదో తెలిసికొని పత్తి యేరుటకు కూలీలను పిలువదలచిన ఇల్లాలు, ఒగ్గుకథ వినిపింపుమని కోరు ముసలివాడు, లెక్క తెగక సాయమడుగు బడిపిల్ల, వీరందఱికిని తెలుగు లిపిని ఫోను మీటలపై కూర్చుకొను శ్రమ తప్పించి, నోటిమాటనే మార్గముగా చేసిన సాధనము వాయిస్ అసిస్టెంటు. గూగుల్ అసిస్టెంటు తెలుగు నేర్చినది. అమెజాన్ వారి అలెక్సా 2017లో మన దేశమునకు వచ్చి, 2019లో హిందీ పలుకసాగినది. గూగుల్ వారి జెమిని లైవ్ 2024 నుండి తెలుగున సంభాషించుచున్నది. అక్షరము రానివానికి సైతము విజ్ఞానమును అందుబాటునకు తెచ్చిన ఈ సాధనమును నేను మనసారా ఆహ్వానింతును. అయితే అడిగినదానికి సమాధానము దొరకిన పిమ్మట ఆ అడిగిన మాట యేమగుచున్నది, ఎక్కడ నిలుచుచున్నది, ఎవరి వశమున నెంతకాలముండును అని విచారించువారు అరుదు. పలికినంతనే గాలిలో కలిసిపోవలసిన మాట, పలికినవాని యెఱుకలేకయే చిరకాలము నిలుచు పత్రముగా మాఱుచున్నది గనుక, ఆ విచారణ ఫోను వాడు ప్రతి కుటుంబమునకును అవసరమని నా దృఢవిశ్వాసము.

ముందుగా నొక అపోహను తొలగింపవలసియున్నది. ఇంట జరుగు సమస్త సంభాషణమును ఫోను రేయింబవళ్ళు ఎక్కడికో పంపుచుండునని పలువురు భయపడుదురు. వాయిస్ అసిస్టెంటు నిర్మాణము అట్టిది కాదు. మన కంఠధ్వనిని మైకు విద్యుత్తరంగముగా మార్చగా, ఆ తరంగపు ఎత్తును సాధారణముగా సెకనుకు 16,000 పర్యాయములు కొలిచి, ఒక్కొక్క కొలతను రెండు బైట్ల సంఖ్యగా నమోదు చేయుదురు. అనగా కుదింపని రూపమున సెకనుకు 32,000 బైట్లు, గంటకు 11 కోట్ల 52 లక్షల బైట్లు కావలెను. ఎంత కుదించినను దినమంతయు నిట్లు పంపుచుండుట బ్యాటరీకిని భారము, డేటాకును భారము, అవతల స్వీకరించు కంపెనీకి అంతకంటెను భారము. అందువలన పరికరములోనే యొక చిన్న గణనవిధానమును కావలి యుంచిరి. అది గడచిన కొలది సెకనుల ధ్వనిని మాత్రమే తాత్కాలికముగా నిలుపుకొని, క్రొత్త ధ్వని వచ్చినకొలది పాతదానిని చెఱపివేయుచు, “హే గూగుల్” అనియో “అలెక్సా” అనియో యేర్పఱచిన పిలుపు వినబడినదా లేదా అని మాత్రము పరీక్షించుచుండును. వినబడినదని దానికి తోచినప్పుడు గాని ధ్వని ఇంటర్నెట్టు ద్వారమున దూరమునందలి సర్వరునకు ప్రవహింప మొదలిడదు.

అయితే ఆ కావలికి నిశ్చయజ్ఞానము లేదు. ఉన్నది సంభావ్యత మాత్రమే. విన్న ధ్వని పిలుపును ఎంతపాటి పోలియున్నదో లెక్కించి, ఆ లెక్క నిర్ణీతమైన గీటును దాటినచో మేల్కొనును, దాటనిచో ఊరకుండును. గీటును ఎత్తుగా నుంచినచో యజమాని నాలుగుమాఱులు పిలిచినను పలుకక విసుగు పుట్టించును. తగ్గించి యుంచినచో టీవీలో వినబడిన మాటకో, పొరుగింటివారి కేకకో ఉలికిపడి మేల్కొనును. ఈ రెండు దోషములను ఏకకాలమున పూర్తిగా తొలగింపగల గీటు ఏ యింజనీరుచేతను గీయబడలేదు. 2018లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున నొక దంపతుల యింట జరిగినది దీనికి ప్రసిద్ధోదాహరణము. వారి మాటలలో నేదో శబ్దము పిలుపువలె తోచి అలెక్సా మేల్కొన్నది. తరువాతి మాటలు సందేశము పంపుమన్నట్లు తోచినవి. ఎవరికని యది యడుగగా, నేపథ్యమున సాగుచున్న సంభాషణమునుండి పరిచితుని పేరొకటి తోచినది. అతనికేనా యని మరల నడుగగా ఔనన్నట్లు తోచినది. వారు నాలుగు గోడలనడుమ చెప్పుకొన్న మాటలు రికార్డయి ఆ పరిచితునికి చేరినవి. 2019 జూలైలో బెల్జియం దేశపు ప్రసారసంస్థ వీఆర్‌టీ, గూగుల్ అసిస్టెంటు రికార్డులను వేయికి పైగా విని పరిశీలింపగా, వానిలో 153 పిలుపు లేకయే రికార్డయినవని తేలినది.

మిరుదొడ్డివారికి ఇందు కొంత ఊఱట కలదు. అక్కడ అధికులు వాడునది బల్లపై కూర్చుండి అహోరాత్రము చెవియొగ్గు స్మార్ట్ స్పీకరు కాదు, చేతిఫోను. అందును మైకు గుర్తును వ్రేలితో నొక్కి మాటాడువారే యెక్కువ. అట్లు నొక్కి మాటాడువారు ఫోను సెట్టింగులలో “హే గూగుల్” పిలుపును ఆపివేసినచో, పిలువని పలుకు రికార్డగు ప్రమాదము చాలవఱకు తొలగిపోవును. స్పీకరే యున్న యిండ్లలో దానిపై మైకును ఆపు మీట యుండును. అలెక్సా పరికరముపై నా మీట నొక్కినచో ఎఱ్ఱని వెలుగు కనబడును. చుట్టములు వచ్చినప్పుడును, ఇంటి ఆస్తిపాస్తుల సంగతి, ఆడపిల్ల పెండ్లి సంగతి మాటాడుకొనునప్పుడును ఆ మీటను నొక్కుట అతిభయమనిపించుకొనదు. ఫోనులో నే యాప్ మైకును వాడుచున్నను, ఆండ్రాయిడ్ 12వ రూపమునుండి తెర పైకొనయందు పచ్చని గుర్తు వెలుగుచున్నది. ఐఫోనులో 2020 నుండి నారింజవన్నె చుక్క కనబడుచున్నది. మనము మాటాడనప్పుడు ఆ గుర్తు వెలిగినచో, ఏ యాప్ వినుచున్నదో సెట్టింగులలో చూచి దాని అనుమతిని ఉపసంహరింపవచ్చును.

సర్వరును చేరిన ధ్వనికి జరుగు సంస్కారము వేఱు. అచ్చట ధ్వని అక్షరరూపమును పొందును. ఆ అక్షరములనుండి అడిగినవాని అభిప్రాయము ఊహింపబడును. సమాధానము సిద్ధమై మరల ధ్వనియై వెనుకకు వచ్చును. ఇదంతయు రెండుమూడు సెకనులలో ముగియును గాని, ఆ కొద్దికాలమున పుట్టిన పత్రములు ఒకటి గాదు. ధ్వని యొకటి, దాని అక్షరరూప మొకటి, అడిగిన వేళ, అడిగిన పరికరము, ఇచ్చిన సమాధానము, అనుమతి యిచ్చియున్నచో అడిగిన చోటు, ఇవన్నియు అతని ఖాతా పేరున చేరగలవు. ఒక్కొక్కటి అల్పము. నెలల తరబడి చేరిన మీదట, మోకాళ్ళ నొప్పికి మందేమని యడిగిన రాత్రులు, బ్యాంకు వడ్డీ ఎంతయని యడిగిన దినములు, పంట యెండినప్పటి ప్రశ్నలు వరుసగా నిలిచి, ఆ యింటి కష్టసుఖముల చరిత్రయే యగును. ఇంటివాడు తన తోబుట్టువులకు సైతము చెప్పుకొననిది అందుండవచ్చును.

ఆ ధ్వనులను యంత్రములే గాక మనుష్యులును వినుచుండిరని 2019లో ప్రపంచమునకు తెలిసినది. ఏప్రిలులో అమెజాన్ విషయమున బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థయు, జూలైలో గూగుల్ విషయమున వీఆర్‌టీయు, అదే మాసమున ఆపిల్ వారి సిరి విషయమున గార్డియన్ పత్రికయు ఈ సంగతిని వెల్లడించినవి. యంత్రము సరిగా విన్నదా లేదా యని సరిచూచుటకు కొన్ని రికార్డులను ఉద్యోగులచేతను, గుత్తకు తీసికొన్న పనివారిచేతను వినిపించుచుండిరి. గగ్గోలు పుట్టిన పిమ్మట ఆపిల్ ఆ పనిని నిలిపి, వాడుకరి స్వయముగా సమ్మతించినచో తప్ప ధ్వనిని ఉంచుకొనమని పద్ధతి మార్చినది. గూగులును 2020లో, మఱల సమ్మతింపనిదే ఎవరి ధ్వనిని భద్రపఱుపమని ప్రకటించినది.

ఈ సందర్భమున మన ప్రాంతమునకు ప్రత్యేకమైన సంకటమొకటి కలదు, దానిని దాటవేయుట న్యాయము గాదు. మనుష్యుడు విని సరిదిద్దనిదే యంత్రము ఏ భాషను చక్కగా నేర్వలేదు. పత్రికల తెలుగును, వార్తలు చదువువారి తెలుగును ఎక్కువగా విన్న యంత్రము, “గిప్పుడు మక్కలకు ఎంత పలుకుతున్నది” అని మిరుదొడ్డి రైతు అడిగినప్పుడు తడబడినచో, ఆ దోషము రైతుది కాదు, అతని పలుకుబడి యంత్రము నేర్చిన పాఠములలో చాలినంత లేకపోవుట. ఆ కొఱత తీఱవలెనన్న అట్టి కంఠములే యంత్రమునకు పాఠములు కావలెను. హైదరాబాదులోని ఐఐఐటీ పరిశోధకులు ఈ యవసరమును గుర్తించి జనుల సాయముతో తెలుగు వాక్కును విస్తారముగా సేకరించిరి; అచ్చట పలికినవాడు తన పలుకు దేనికి పోవుచున్నదో యెఱిగి పలికినాడు. ఎఱిగి యిచ్చినది దానము. ఎఱుగకుండ గైకొన్నదానిని, అది యెంత సత్కార్యమునకు వినియోగపడినను, దానమని పిలువజాలము. తెలంగాణ పలుకుబడికి యంత్రములలో గౌరవస్థానము దొరకవలెనని కోరువారిలో నేనొకడను గావుననే, అడిగి తీసికొనుమని ఇంత గట్టిగా పట్టుబట్టుచున్నాను.

పరుల వశమున నుంచిన వస్తువుపై ఉంచినవాని హక్కు ఏమగునను ప్రశ్న మన దేశమునకు క్రొత్తది గాదు. ధర్మశాస్త్రములు పదునెనిమిది వ్యవహారపదములను చెప్పగా, మనువు లెక్కలో ఋణము తరువాత రెండవది నిక్షేపమే, అనగా దాచుటకిచ్చిన సొమ్మే. యాజ్ఞవల్క్యస్మృతి, లోపలనున్నదేమో చెప్పక మూసి యిచ్చిన సొమ్మును ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి యొప్పగింపవలెననియు, దానిని తన యిచ్చవచ్చినట్లు వాడుకొని జీవించినవాడు దండనకు పాత్రుడై లాభముతోగూడ చెల్లింపవలెననియు విధించినది. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయముగా తెలుగునకు తెచ్చినాడు. దాచుటకిచ్చినది దాచుకొనువాని సొత్తు కాదను తీర్పు తెలుగువారికి ఏడువందల యేండ్లుగా పరిచితమైనదేయని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఆధునిక న్యాయస్థానములలో సైతము ఈ ప్రశ్నకు ముఖ్యమైన సమాధానము మన హైదరాబాదునుండి పోయిన దావాలోనే వెలువడినది. స్టాంపు సుంకము ఎగవేతను పట్టుకొనుటకై ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో స్టాంపు చట్టపు 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన యెవనికైనను బ్యాంకులోనికి ప్రవేశించి ఖాతాదారుల పత్రములను పరిశీలించి స్వాధీనపఱచుకొను వీలు కల్పించినది. హైకోర్టు దానిని చెల్లదనగా, జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు సుప్రీంకోర్టునకు పోయిరి. అవతలి పక్షము కెనరా బ్యాంకు. ఒకసారి బ్యాంకు చేతికిచ్చిన పత్రముపై ఖాతాదారునికి గోప్యత యేమియు మిగులదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ కేసున చెప్పియుండగా, మన సుప్రీంకోర్టు 2004 నవంబరు 26న ఆ మార్గమును నిరాకరించినది. గోప్యత మనుష్యులకు చెందినదే గాని స్థలములకు చెందినది గాదనియు, ఇల్లు విడిచి బ్యాంకును చేరినంతమాత్రమున పత్రము గోప్యతను కోల్పోదనియు తీర్పిచ్చినది. ఫోను విడిచి సర్వరును చేరిన కంఠధ్వనికి ఈ సూత్రము ఎంత చక్కగా నన్వయించునో వేఱుగా చెప్పనక్కఱలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యతను రాజ్యాంగపు 21వ అధికరణమున భాగమని నిర్ణయించిన దావాను తెచ్చినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి, పూర్వము ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషనుకు అధ్యక్షత వహించినవారు. తదనంతరము 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమావళి వెలువడినది. ముఖ్యమైన బాధ్యతలను కంపెనీలు అమలుపఱచుటకు పదునెనిమిది మాసముల గడువు కలదు.

హక్కు కాగితముపై నున్నది. దాని తాళపుచెవి మాత్రము పలు యిండ్లలో యజమాని చేతిలో లేదు. నన్ను మిక్కిలి కలతపెట్టు సంగతి యిదియే. మన పల్లెలలో ఫోను కొన్ననాడే దుకాణములోని యువకుడు జీమెయిల్ ఖాతా తెఱచి, తనకు తోచిన పాస్‌వర్డునుంచి, ఫోనును సిద్ధము చేసి యిచ్చుట పరిపాటి. కొన్నవాడు ఆ పాస్‌వర్డును అడుగడు, అడిగినను గుర్తుంచుకొనడు. మఱికొన్ని యిండ్లలో గల్ఫునకో హైదరాబాదునకో పోయిన కుమారుని ఖాతాయే తల్లిదండ్రుల ఫోనులో సాగుచుండును. మాటల నమోదు ఫోనులో గాక ఖాతాలో నుండును గనుక, ఆ ఖాతా ఎవరికి తెఱచుకొనునో వారందఱును, ఎంత దూరముననున్నను, ఆ యింటివారు అడిగినదెల్ల చదువగలరు. ధ్వని యుంచుకొనుటకు సమ్మతి యిచ్చియున్నచో వినగలరు. కుమారుడు చూడడు, దుకాణదారునకు తీఱిక లేదు అని సమాధానపడవచ్చును. కాని తన నొప్పిని, తన బెంగను కుమారునికి తెలియనీయగూడదని తలచిన తల్లికి ఆ సమాధానము చాలదు. భార్యకు తెలియకుండ ఆమె ఫోను సంభాషణలను రికార్డుచేసి కోర్టున చూపబోయిన యొక భర్తను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్వము వారించి, దంపతులనడుమ సైతము గోప్యత కలదని చెప్పియున్నది. కాబట్టి మొదటి పని పాస్‌వర్డును మార్చి తనదిగా చేసికొనుట, ఖాతాను తిరిగి పొందుటకై యిచ్చిన ఫోను నంబరు తనదేనాయని చూచుకొనుట, ఖాతా భద్రతాపుటలో “మీ పరికరములు” అను పట్టికను తెఱచి తనవి కాని ఫోనులను, కంప్యూటర్లను అందుండి తొలగించుట. చదువుకొన్న మనుమరాలు ప్రక్కన కూర్చున్నచో కొద్దిసేపటిలో ముగియు పని యిది.

తరువాత నిలువయున్న మాటల సంగతి. గూగుల్ ఖాతాలో “మై యాక్టివిటీ” యను పుట తెఱచినచో అడిగిన ప్రశ్నలన్నియు తేదీలవారీగా కనబడును. ఒక్కొక్కదానినిగాని, ఒక దినపువానినిగాని, అన్నిటినిగాని చెఱపవచ్చును. మూడు, పదునెనిమిది, ముప్పదియాఱు మాసములలో నేదో యొక గడువునుంచి దానంతట నదే చెఱిగిపోవునట్లు చేయవచ్చును. మూడు మాసముల గడువే మేలని నా యభిప్రాయము. గతవత్సరపు వాన ప్రశ్న ఈ వత్సరపు పంటకు ఉపకరింపదు. అలెక్సా యాప్‌లో గోప్యతా విభాగమున వాయిస్ హిస్టరీ యను పుటయందు ఇట్టి యేర్పాటే కలదు. జెమిని విషయమున కొంత జాగరూకత అధికముగా వలయును. నమోదును ఆపివేసినను సంభాషణము 72 గంటలవఱకు వారియొద్ద నుండవచ్చును. పరిశీలకులు చూచుటకై యెన్నుకొన్న సంభాషణములు వాడుకరి తన ఖాతాలో చెఱపినను మూడేండ్లవఱకు నిలువ యుండవచ్చునని వారే తెలుపుచున్నారు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పిన్ను, ఓటీపీ, పొరుగువాని రహస్యము, ఇవి యే వాయిస్ అసిస్టెంటు చెవినను వేయదగినవి కావు.

చెఱపుట యనునది ఒక్క పనిగా కనబడును గాని, పత్రములు పలువిధములని పైన చెప్పితిని గదా. ధ్వని పోయినను అక్షరరూపము మిగులవచ్చును. అమెరికా వాణిజ్య కమిషను 2023 మే మాసమున అమెజాన్‌పై మోపిన యభియోగమిదియే: పిల్లల కంఠధ్వనులను అవసరమునకు మించి యుంచుకొన్నదనియు, తల్లిదండ్రులు చెఱపుమని కోరినను అక్షరరూపమును పూర్తిగా చెఱపలేదనియు. ఆ వ్యవహారము 2 కోట్ల 50 లక్షల డాలర్ల చెల్లింపుతో పరిష్కారమైనది. ఇంకను సూక్ష్మమైనది మఱొకటి కలదు. ఒక ధ్వనినుండి యంత్రము నేర్చిన పాఠము, కోట్లకొలది సంఖ్యల కూర్పులో కలిసిపోయిన పిమ్మట, ఆ ధ్వనిని చెఱపినంతమాత్రమున వెనుకకు రాదు. నేర్చినదానిని మఱపింపజేయు పద్ధతులపై పరిశోధన యింకను సాగుచున్నది. కనుక చెఱపుటకంటె, ముందుగనే సమ్మతి యీయకుండుట బలమైన రక్షణము.

పిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. పెద్దలు సంకోచించి యడుగునది పిల్లలు నిస్సంకోచముగా నడుగుదురు. తమ పేరు, బడి పేరు, అమ్మానాన్నల తగవు, అన్నియు చెప్పుదురు. మన 2023 చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును గైకొనుటకు తల్లిదండ్రుల సమ్మతిని రుజువుతోగూడ పొందవలెనని విధించి, ఈ విధిని మీఱినవారికి 200 కోట్ల రూపాయలవఱకు జరిమానా నిర్ణయించినది. ఇంతకంటె ఆనందము కలిగించు నిబంధన అదే చట్టపు అయిదవ సెక్షనున కలదు: సమ్మతి కోరు నోటీసును ఆంగ్లముననైనను, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషనైనను చదువుకొను వీలు కల్పింపవలెను. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభముగనే వెనుకకు తీసికొను వీలును ఉండవలెనని ఆరవ సెక్షను చెప్పుచున్నది. నేటివఱకు ఆంగ్లమున పుటలకొలది వచ్చు నియమములక్రింద “అంగీకరించుచున్నాను” అను మీటను చదువక నొక్కుచున్న మిరుదొడ్డి వాడుకరి, ఆ బాధ్యతలు అమలునకు వచ్చిననాడు తెలుగు నోటీసును హక్కుగా కోరగలడు. అది అనువాదయంత్రము ఉమిసిన తెలుగు గాక, చదివిన రైతునకు బోధపడు తెలుగై యుండవలెనని మన పత్రికలు, గ్రంథాలయములు, పంచాయతీలు ఇప్పటినుండియే పట్టుపట్టవలెను.

కడపటి జాగ్రత్త పాత ఫోను విషయమున. దానిని అమ్మువారు సామాన్యముగా రీసెట్ చేసి యిచ్చి నిశ్చింతగా నుందురు. రీసెట్ ఫోనులోని వస్తువులను తొలగించును గాని సర్వరులోని మాటలను అంటదు. ఖాతా వేఱొకరు తెఱచినదై, దాని పాస్‌వర్డు తనకు తెలియనిదైనచో, ఫోను చేయిమాఱిన పిమ్మట ఆ మాటలను చెఱపుటకు అతనికి మార్గము దొరకుట కష్టము. కావున ఫోను ఇంకను తన చేతిలో నుండగనే, పాస్‌వర్డు తనది చేసికొని, మై యాక్టివిటీలో నిలువయున్నదానిని చెఱపి, పిమ్మట ఖాతాను ఫోనునుండి తీసివేసి, ఆ తరువాతనే రీసెట్ మీటను నొక్కవలెను.